ఆరు మిల్లీసెకన్లు

పదకొండింటికి వీడియో విచారణలోకి తీసుకుంటామన్నారు. ఇప్పుడు పదీ ఎనిమిది. ఆ కమాండ్ చెరిపేసి రెండు నిమిషాలైంది. నల్లటి తెర మీద ఒక్కటంటే ఒక్క వరుస, ఏడాదిన్నరగా ఆమె గొంతుకు కాపలా కాసిన వరుస, ఒక్క మీట నొక్కగానే పోయింది. పోయిందో లేదోనని లైను కొలిచి చూసుకుంది. ఆరు. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఆరు ముక్కలు. ఈ గదిలోంచి బయల్దేరిన మాట కంపెనీ ఆఫీసు గుమ్మం తాకి తిరిగి రావడానికి పట్టే కాలం అంతే. కనురెప్ప పడి లేవడానికే మూడు వందలు కావాలి. మళ్లీ కొలిచింది. ఆరు. మళ్లీ. ఆరు. ఇంత నిఖార్సైన లైను ఈ వీధి మొత్తం మీద ఇంకొకరింట్లో ఉండదు, ఎలా ఉంటుంది, నాలుగుసార్లు వచ్చి, తీగ మార్చి, కనెక్టర్లు మార్చి, మూడో అంతస్తు పిట్టగోడ మీద కడుపు ఆనించి వంగి బిగించి వెళ్లాడు లైన్‌మన్. ఆ మనిషినే ఇవాళ వీడియోలో కూర్చోబెట్టి అడగబోతున్నారు, వెళ్లకుండానే వెళ్లినట్టు, చూడకుండానే చూసినట్టు నాలుగుసార్లు దొంగ సంతకం ఎందుకు పెట్టావని. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. రుజువులు దండిగా ఉన్నాయి. ఆ రుజువులన్నీ ఆమె మొహమే: గడులు గడులుగా చీలిన మొహం, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయిన మొహం, ఏడాదిన్నర మీటింగుల రికార్డింగుల నిండా. ఆ లైన్లో ఏ లోపమూ లేదనీ, ఉన్న లోపం ఎక్కడుందో, దాన్ని లైను మీదికి తోసింది ఎవరో తెలిసిన మనుషులు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకరు ఆమె. రెండోవారు వంటింట్లో గిన్నెల మీద కోపం చూపిస్తున్న పిన్ని.

నెట్‌ను పాడుచెయ్యడమే ఆమె ఉద్యోగం. చెబితే ఎవరూ నమ్మరు గానీ, అదీ ఒక కొలువే. కంపెనీ ఇంటింటికీ నెట్ ఇస్తుంది, దాంతోపాటు వీడియో కాల్ చేసుకునే యాప్ ఒకటి ఇస్తుంది. మంచి లైన్లో ఆ యాప్ బాగుండటంలో గొప్పేముంది, చెడ్డ లైన్లో ఎంత పరువుగా బతుకుతుందో చూడాలి కదా. అందుకని ఆమె బల్ల మీద, మోడెమ్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య, అగ్గిపెట్టెకు అన్నలాంటి చిన్న పెట్టె ఒకటి. మాటనూ బొమ్మనూ ముక్కలు ముక్కలుగా కోసి పంపుతుంది నెట్. ఆ పెట్టె ఒక్కో ముక్కనూ పట్టుకుని ఆమె ఎంతసేపు ఆపమంటే అంతసేపు ఆపి వదులుతుంది. నూట యాభై మిల్లీసెకన్ల లోపు ఆపితే ఎవరికీ తెలియదు. రెండొందల యాభై దాటిందా, ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ మీరు చెప్పండంటే మీరు చెప్పండంటారు, ఇద్దరూ ఆగుతారు, మళ్లీ ఒకేసారి మొదలుపెడతారు, ఇరుకు గుమ్మంలో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తుల్లా. ఆరొందలు దాటితే మర్యాద కూడా పోతుంది. జోకు వేస్తే నవ్వు ఆలస్యంగా వస్తుంది, ఆలస్యంగా వచ్చిన నవ్వు దొంగ నవ్వులా ఉంటుంది. పరీక్షకు పిలిపించిన జనానికి కాగితాలిచ్చి ఆమె మార్కులు వేయమనేది, విచిత్రమేమిటంటే ఆలస్యం పెరిగేకొద్దీ వాళ్లు మార్కులు తగ్గించేది లైనుకు కాదు, అవతల కూర్చున్న మనిషికి. మనసు పెట్టి వినలేదు. పొగరు. ఏదో దాస్తున్నాడు. ఒకావిడైతే, ఈయనకు నేనంటే ఇష్టం లేదు అని రాసి సంతకం కూడా పెట్టింది. ఆయనెవరో ఆవిడకు అంతకు పది నిమిషాల ముందు వరకూ తెలియదు. అదే, ఆలస్యానికి చిరుగు తోడైతే, బొమ్మ గడులుగా విడిపోయి మాట మధ్యలో తెగితే, అప్పుడు మాత్రం అందరూ కలిసి తీగను తిడతారు, మనిషి మీద జాలిపడతారు. ఇది ఆమె నివేదికలో నాలుగో పేజీలో ఉంది. పైవాళ్లు మెచ్చుకున్నారు. ఆ నాలుగో పేజీని సొంతానికి వాడుకుంటుందని మాత్రం ఎవరూ ఊహించలేదు.

పదీ ఇరవై. బల్ల మీద టీ చల్లారిపోయింది. ఆమెకు టీ అంటే ఇష్టం లేదు, కాఫీ ఇష్టం, పద్నాలుగో ఏట నుంచి టీయే తాగుతోంది, ఎందుకంటే ఏం తాగుతావని అడిగితే కాఫీ అనాలి, అనాలంటే ఆ మొదటి అక్షరం గొంతులో మేకులా దిగబడుతుంది. దవడ బిగుస్తుంది, కళ్లు పైకి పోతాయి, అవతలివాళ్ల మొహం ముందు ఆశ్చర్యపడి, తర్వాత జాలిపడి, ఆఖరికి పక్కకు తిరుగుతుంది. టీ అయితే గుమ్మం దాటినట్టు దాటి వచ్చేస్తుంది. అలా జీవితం మొత్తాన్ని సులువైన అక్షరాల మీదుగా నడిపించుకుంటూ వచ్చింది. బస్సులో తన స్టాపు పేరు నోటికి రాక దాని తర్వాతి స్టాపుకు టికెట్ తీసుకుని, ఎండలో వెనక్కి నడిచి వచ్చిన రోజులు ఎన్ని. చిన్నప్పుడు బొంగరం కావాలని బొ, బొ అంటూ ఉంటే అమ్మ బొమ్మ కొనిపెట్టింది. అమ్మ ఆమె మాటలన్నీ ప్రేమగా పూర్తి చేసేది, సగంసార్లు తప్పుగా, ఆమె ఆ తప్పులన్నిటినీ తనకు కావలసినవే అన్నట్టు తీసుకునేది, ఆ బొమ్మకు జడ వేసింది, పేరు పెట్టింది, దాంతో ఎన్నడూ ఆడలేదు. బళ్లో మాస్టారు హాజరు పిలిచేటప్పుడు నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా అనేవాడు. క్లాసంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది, అందరికన్నా ముందు.

ఏడాదిన్నర కిందట ఒకరోజు లైను నిజంగానే పాడైంది. మీటింగులో ఆమె వంతు వచ్చింది, కనెక్షన్ అనాలి, తప్పించుకోవడానికి ఇంకో మాట దొరకలేదు, కొన్ని మాటలకు మారుపేర్లుండవు. క దగ్గర ఆగిపోయింది. నాలుగు సెకన్లు. ఐదు. చెవుల్లో రక్తం హోరు. అయిపోయింది, ఈ టీంలో మూడేళ్లుగా దాచింది ఇవాళ బయటపడింది అనుకుంటుండగా టీం లీడర్ గొంతు వినిపించింది, పాపం నెట్ ఆవిణ్ణి ఏడిపిస్తోంది, చాట్‌లో రాయండి పర్లేదు. ఎవరో, ఈ వానలకు మాదీ ఇంతేనండీ అన్నారు. ఇంకెవరో తమ అపార్ట్‌మెంట్ కథ ఎత్తుకున్నారు. ఆమె నోరు తెరిచినట్టే ఉంచుకుని విన్నది. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి ఆ జాలి ఆమె మీద పడకుండా పక్కనున్న తీగ మీద పడింది. తీగకు బాధేముంది, తీగకు అమ్మ లేదు, క్లాసు లేదు. మర్నాడు పొద్దున్నే లైను బాగుపడింది. ఆమె లేచి, స్నానం చేసి, మీటింగుకు పది నిమిషాల ముందు కూర్చుని, ఆ వరుస టైపు చేసింది. తొమ్మిదొందలు ఆపు, ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ, వందకు ఎనిమిది ముక్కలు దారిలో పారెయ్. అంతే. తన నత్తిని నెట్‌కు దత్తతిచ్చేసింది.

అందులో ఎవరికీ నష్టం లేదనుకుంది. నిజంగా అలాగే అనుకుంది, ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని తవ్వి చూసుకున్నా అబద్ధం దొరకడం లేదు, మొదట్లో అలాగే అనుకుంది. చిక్కంతా మంచివాళ్లతోనే వస్తుంది. టీం లీడర్ మంచివాడు. ఆమెను అడక్కుండానే ఆమె పేరు మీద కంప్లయింట్ రాసి, రేపు మనిషి వస్తాడు, ఇక మీ కష్టాలు తీరినట్టే అని మెసేజ్ పెట్టాడు. వచ్చాడు. ఫీల్డులో అందరూ అతన్ని నిచ్చెన అంటారట, తనే చెప్పుకుని నవ్వాడు. మనిషి అలాగే ఉంటాడు, పొడుగ్గా, సన్నగా, ఏ గోడ దొరికితే ఆ గోడకు ఆనుకుని. యాభై ఏడేళ్లు. నోటికి క్షణం తీరిక ఉండదు. ఆమె ఊ అంటే చాలు, తలూపితే చాలు, మిగతాదంతా తనే మాట్లాడేవాడు, తీగతో, స్క్రూడ్రైవర్‌తో, పావురాలతో. మీటర్ పెట్టాడు, బాగుందన్నాడు, రాసి వెళ్లాడు. పదిహేను రోజులకు మళ్లీ కంప్లయింట్, మళ్లీ వచ్చాడు. మూడోసారి, అమ్మా మీ లాప్‌టాప్‌లోనే చూపించండి ఒకసారి అన్నాడు. అప్పటికే కాలింగ్ బెల్ విని ఆమె ఆ వరుస చెరిపేసి ఉంది. వీడియో అద్దంలా వచ్చింది. అతను కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చూశాడు. వచ్చిపోయే జబ్బమ్మా ఇది, జబ్బులన్నిటిలోకీ పాపిష్టిది, డాక్టరు ముందు బాగుంటుంది అన్నాడు. నాలుగోసారి వాన. గొడుగు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, పిట్టగోడ మీద వంగి కొత్త తీగ లాగాడు. దిగివచ్చి గుమ్మంలో నిలబడి, లోపలికి రానమ్మా తడి అవుతుంది అని, కొత్త కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, నా చేతుల్లోనే ఏదో తేడా వచ్చిందేమోనమ్మా అన్నాడు. చేతులు తిప్పి చూసుకున్నాడు. అప్పుడు చెప్పాల్సింది. చెబుదామనే నోరు తెరిచింది. కాదు బాబాయ్ అనాలి. కాదులో మొదటి అక్షరం ఏమిటో తెలిసిందే. ఆమె లోపలికి వెళ్లి తువ్వాలు తెచ్చిచ్చింది.

పదీ ముప్పై ఐదు. తెర మీద రాత, దయచేసి వేచి ఉండండి, మిమ్మల్ని త్వరలో లోపలికి తీసుకుంటారు. కింద ఓ మూల తన బొమ్మ, తపాలా బిళ్లంత. జుట్టు దువ్వుకుంది, బొట్టు సరిగ్గానే ఉంది, ఉరితీసేవాడికైనా మనిషి శుభ్రంగా కనిపించాలనుకుంటాడు కాబోలు. తప్పు, ఉరి నీకు కాదు. ఆ ఊహను తోసేసింది. నోటీసు వచ్చి నాలుగు రోజులైంది. ఫీల్డుకు కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు, పాత కాగితాలు తిరగేశాడు, ఒకే ఇంటి మీద నాలుగు కంప్లయింట్లు, నాలుగింటికీ ఒకటే జవాబు, లైన్ బాగుంది. మీటింగుల రికార్డింగులు తెప్పించి చూస్తే ఆవిడ మొహం చిల్లుల జల్లెడ. అతను వేసుకున్న లెక్కలో తప్పేమీ లేదు, ఎవరున్నా అలాగే వేసుకుంటారు. ఆమె ఆ రోజే ఉత్తరం రాసింది. లోపం లైన్లో లేదు, నా పరికరంలో ఉంది, అతని తప్పేమీ లేదు. మూడు ముక్కలు. ఎందుకు, ఎలా, ఎవరు, ఏమీ రాయలేదు; సగం నిజం రాసి, మిగతా సగం వాళ్లే ఊహించుకుని తనను వదిలేస్తారని ఆశపడింది. వాళ్లు ఊహించుకోలేదు. ముసలాయన మీద జాలితో రాసినట్టుంది, విచారణలో నోటితో చెప్పండి అని జవాబొచ్చింది. సగం నిజానికి పూర్తి అబద్ధానికున్న విలువ కూడా ఉండదు. రాత్రి పక్క మీద దొర్లుతూ అది అర్థం చేసుకుంది. తెల్లవారేసరికి గట్టిగా ఒకటి అనుకుంది: ఇవాళ మాటలు మార్చకూడదు. ఏ మాట అవసరమైతే ఆ మాటే, అది ఎంతసేపు పట్టినా, మొహం ఎలా పోయినా.

పిన్ని గుమ్మంలోకి వచ్చి చేతులు తుడుచుకుంది. నోరు గలది, నలుగురిలో కూర్చుంటే నలుగురి గుట్టూ విప్పేస్తుంది, కానీ ఈ ఒక్క సంగతి మాత్రం ఏడాదిన్నరగా కడుపులో దాచింది.

"నన్ను పక్కన కూర్చోనివ్వవే. రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊళ్లకు ఊళ్లనే కలిపినదాన్ని, ఒక్క విచారణ మేడమ్‌ను ఒప్పించలేనా?"

"ప్... ప్... పిన్నీ." ఆగింది. పిన్ని తలుపుకు ఆనుకుని ఎదురుచూసింది. లోకంలో ఆమె మాటను పూర్తి చెయ్యని మనిషి పిన్ని ఒక్కతే. ఎందుకని ఒకసారి అడిగితే, కాల్ మధ్యలో ప్లగ్ పీకే అలవాటు నాకు లేదులే అంది. "నువ్వు చెబితే, నే... నేను చెప్పినట్టు అవుతుందా?"

పిన్ని చల్లారిన టీ కప్పు తీసుకుని, "ఇది తాగవని నాకు తెలుసు, ఎందుకు పెట్టించుకుంటావో మాత్రం తెలియదు" అంటూ వెళ్లిపోయింది. ఆ ఎక్స్ఛేంజి కథలు వింటూనే ఆమె పెరిగింది. ఉపగ్రహం మీదుగా వెళ్లే కాల్లో మాట అవతలికి చేరి బదులు రావడానికి ఒక గుటక పట్టేదట. ఒక కుర్రాడు దేశం అవతల నుంచి ఒక పిల్లకు ఫోన్ చేసి, నన్ను చేసుకోవడం నీకు ఇష్టమేనా అని అడిగాడు. గుటక. బదులు రాలేదు. సరేలే అర్థమైంది అనబోయాడు. లైన్లో వింటున్న పిన్ని ఆపరేటర్లు నోరెత్తకూడదన్న నియమం మరిచిపోయి, బాబూ కాస్త ఆగు, ఆ ఆలస్యం అమ్మాయిది కాదు తీగది అనేసింది. అమ్మాయి ఊ అన్నది అప్పుడే వచ్చి చేరింది. మెమో ఇచ్చారు పిన్నికి. ఇంట్లో ఈ కథ వందసార్లు నడిచింది, వందసార్లూ నవ్వారు. నిన్న రాత్రి మాత్రం ఆమెకు అందులో తన సంగతి తిరగేసి కనిపించింది. పిన్ని ఒక పిల్లను కాపాడటానికి తీగను ముందుకు తోసింది. తను తనను కాపాడుకోవడానికి తీగను తోసింది, తీగ వెనకాల ఒక మనిషి ఉన్నాడని తెలిసి కూడా. తీగకు బాధేముంది అనుకుంది ఆ రోజు. తీగ ఎక్కడో గాలిలో ఉండదు. ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

పదీ యాభై రెండు. వేలు మీటల మీదికి పోయింది. ఆ వరుస వేళ్లకు కంఠతా వచ్చు, కళ్లు మూసుకుని టైపు చెయ్యగలదు. లోపలి నుంచి ఒక గొంతు, బహు సౌమ్యంగా, కాస్తే పెట్టుకో అంది. తొమ్మిదొందలు వద్దు, మూడొందలు, చిన్న చిరుగు, ఉన్న నిజమంతా చెప్పు, కాకపోతే చీర చెరగు చాటు నుంచి చెప్పు, ఎవరికి నష్టం. ఎవరికి నష్టం అన్న మాట వినగానే వేలు వెనక్కి వచ్చింది. ఆ మాటతోనే మొదలైంది ఇదంతా. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, పరీక్షకు ముందు చిన్నపిల్లలు కూర్చున్నట్టు. ఉద్యోగం పోవచ్చు. కంపెనీ ఇచ్చిన పెట్టెతో కంపెనీనే మోసం చేసింది, పోతే పోవడం న్యాయం. అది పోతే ఇంకో చోట ఇంటర్వ్యూ, ఇంకో గది, ఇంకో టేబుల్, మీ గురించి చెప్పండి. ఆ భయాన్ని ఒకసారి పూర్తిగా చూసి పక్కన పెట్టింది. అటువైపు ఒక మనిషి తన రెండు చేతులనూ అనుమానించుకుంటూ కూర్చున్నాడు. ముందు ఆ చేతులు అతనికి తిరిగి ఇవ్వాలి. మళ్లీ కొలిచింది. ఆరు. గంట పదకొండైంది. పదకొండూ రెండు. పదకొండూ నాలుగుకు రాత మాయమై నాలుగు మొహాలు తెరుచుకున్నాయి.

నెరిసిన జుట్టు, మెడలో కళ్లజోడు వేలాడుతున్న మేడమ్, విచారణ ఆవిడదే. సూపర్‌వైజర్, ముందు కాగితాల దొంతర. టీం లీడర్, అప్పుడే ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు తలూపుతూ. నాలుగో గడిలో ఫీల్డు ఆఫీసు బెంచీ మీద లైన్‌మన్, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని. ఆనుకోవడానికి గోడ లేదు అక్కడ. ఎవరికీ ఆలస్యం లేదు, అందరూ ఒకే గదిలో కూర్చున్నంత దగ్గరగా ఉన్నారు. మేడమ్ కాగితం తిప్పిన చప్పుడు చెవి పక్కన వినిపించింది. మీ లైను గురించి మీరే చెప్పండి అంది మేడమ్. ఆమె ఊపిరి తీసుకుని, వంకర దారులన్నీ వదిలేసి, తిన్నగా ఆ మాట మీదికే వెళ్లింది. కంప్లయింట్. క. మేకు దిగింది. దవడ బిగుసుకుంది. కళ్లు పైకి. ఒకటి, రెండు, మూడు సెకన్లు, క, క, క్.

"చూశారా మేడమ్," అన్నాడు సూపర్‌వైజర్. "ఇవాళ కూడా అదే. నాలుగుసార్లు బాగు చేశాడంట."

టీం లీడర్ అందుకుని, ఆవిడ లైను ఎప్పుడూ ఇంతేనండీ, పాపం, చాట్‌లో రాయమందామా అన్నాడు. మేడమ్ కలం తీసింది. లైన్‌మన్ మోకాళ్ల మధ్య నుంచి చేతులు తీసి మొహం తుడుచుకున్నాడు. గంటసేపు ఆమె అన్నీ ఆలోచించింది, ఇది ఆలోచించలేదు. ముసుగు తీసేస్తే మొహం కనిపిస్తుందనుకుంది. మొహాన్నే ముసుగు అనుకుంటున్నారు. ఏడాదిన్నర అంత బాగా నేర్పింది వాళ్లకు. నోరు విప్పిన ప్రతిసారీ అతని మీద ఇంకో రుజువు పడుతుంది, విప్పకపోతే ఉన్నవి చాలు. కలం కాగితం మీద ఆనింది. అప్పుడు ఆమెలో పన్నెండేళ్లుగా చెడ్డ లైన్లను చూసిన పరీక్షకురాలు లేచి కూర్చుంది. లైను ఆగితే ఏం ఆగుతుంది. అన్నీ ఆగుతాయి. మాట, మొహం, వెనక తలుపు మీద గాలికి ఊగే తువ్వాలు, అన్నీ ఒక్కసారే. ఆమె కుడిచెయ్యి ఎత్తి కెమెరాకు దగ్గరగా పెట్టింది.

"మేడమ్. నా చె... చెయ్యి చూస్తూ ఉండండి."

మళ్లీ ఆ మాట మీదికే వెళ్లింది. మేకు దిగింది. నోరు తెరిచినట్టే ఉండిపోయింది, గొంతులోంచి క, క అని నలిగిన చప్పుడు, మెడ నరం ఉబికింది, తపాలా బిళ్లలో తన మొహం తనకే కనిపిస్తోంది, జన్మలో ఎన్నడూ ఎవరికీ ఇంత వెలుతురులో చూపించని మొహం. చెయ్యి మాత్రం ఆగలేదు. చిటికెన వేలు ముడుచుకుంది. ఉంగరం వేలు. మధ్య వేలు. చూపుడు వేలు. బొటనవేలు. నెమ్మదిగా, నీళ్లల్లో చేప మళ్లినంత మెత్తగా. మళ్లీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ముందుగా కదిలింది లైన్‌మన్. ముందుకు వంగి తెర దగ్గరికి మొహం పెట్టాడు, కళ్లజోడు సర్దుకున్నాడు. వేళ్లు మూడోసారి ముడుచుకుంటుండగా మాట బయటపడింది.

"కంప్లయింట్ నేను ఇవ్వలేదు మేడమ్. లైను ఆగితే చెయ్యి కూడా ఆ... ఆగాలి. ఆగిందా?"

మేడమ్ కలం పైకి తీసింది. "లేదు."

"ఆగింది నేను. నాకు న... న... న..." ఎవరూ అందించలేదు, ఏమందించాలో ఎవరికీ తెలియలేదు. "నత్తి."

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. తర్వాతదంతా చెప్పింది. మామూలు మనిషికి రెండు నిమిషాల పని, ఆమెకు పన్నెండు నిమిషాలు పట్టింది, ఒక్క మాట కూడా మార్చలేదు. సొంత లైను ఎవరైనా కావాలని పాడుచేసుకుంటారా అని సూపర్‌వైజర్ అడిగాడు, గట్టిగా కాదు, నిజంగా తెలియక. చూపిస్తానంది. వాళ్లందరూ చూస్తుండగా ఆ వరుస మళ్లీ టైపు చేసింది. తపాలా బిళ్లలో మొహం మామూలుగానే ఉంది గానీ అవతల వాళ్ల కళ్లలో తెలిసిపోయింది, టీం లీడర్ కనుబొమలు ముడిపడ్డాయి, మేడమ్ ఏదో అంది, అది సెకను తర్వాత వచ్చింది. ఎంత హాయి. దుప్పటి కప్పుకున్నట్టు, ఎంత వెచ్చని ఆలస్యం, ఇక్కడే ఉండిపోవచ్చు. ఆమె పది లెక్కపెట్టి, వరుస చెరిపేసింది. గది మళ్లీ దగ్గరికి వచ్చింది. టీం లీడర్ తల దించుకుని ఉన్నాడు, పాపం తన మంచితనంలో ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు.

ఇంకేమైనా అడగాలా అని మేడమ్ లైన్‌మన్ వైపు చూసింది. అతను కళ్లజోడు ఒకసారి తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"నాలుగోసారి వాన పడుతోందమ్మా," అన్నాడు. "కళ్లజోడు మార్చాను. మా ఆవిడతో కూడా అనలేదు గానీ, నా చేతులు పోయాయనుకున్నాను. ఒక్క మాట చెప్పుంటే మీకేం పోయేది?"

ఆరు మిల్లీసెకన్లలో వచ్చి తగిలింది. కాచుకోవడానికి చోటు లేదు, పక్కకు తప్పుకోవడానికి సందు లేదు. చెప్పలేకపోయానని అనొచ్చు, నత్తి ఉంది కదా, అందరూ ఒప్పుకుంటారు, జాలిపడతారు, ఇప్పుడైతే ఆ జాలి తిన్నగా ఆమె మీదే పడుతుంది. ఆమె అతని కళ్లలోకి చూసింది.

"చె... చెప్పలేక కాదు బాబాయ్. చెప్పలేదు. త... తప్పు నాది."

అతను తలూపాడు. క్షమించినట్టు కాదు, విన్నట్టు. తర్వాత చేతులు రెండూ ఒడిలో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. మేడమ్ రాసుకుంది, రాసింది పైకి చదివింది: లైన్‌మన్ మీద వచ్చిన ఆరోపణకు ఆధారం లేదు, విచారణ ముగిసింది. సూపర్‌వైజర్ కాగితాల దొంతర సర్ది పక్కకు జరిపాడు. మేడమ్ ఇంకో తెల్లకాగితం తీసి, మీ మీద విడిగా విచారణ జరపాల్సి ఉంటుందమ్మా, తెలుసు కదా అంది. తెలుసంది ఆమె. రేపు పదింటికి. ఇలాగే వీడియోలో పెట్టుకుందామా, ఆఫీసుకు వస్తారా, మీ ఇష్టం. ఆఫీసంటే పొడుగాటి బల్ల, చుట్టూ ఆరుగురు, నీళ్ల గ్లాసు, మధ్యలో ఏ తెరా ఉండదు. వీడియో అనడానికి నోరు కూడా తెరవక్కర్లేదు, తలూపితే చాలు.

"నే..."

ఆగిపోయింది. దవడ బిగిసింది. గడియారం ముల్లు ఒక్కొక్క గీతా దాటుతోంది. టీం లీడర్ నోరు తెరిచి, మూసుకున్నాడు. సూపర్‌వైజర్ కదలకుండా ఉన్నాడు. మేడమ్ కలం బల్ల మీద పెట్టి, చేతులు ముడుచుకుని ఎదురుచూసింది. లైన్‌మన్ తలెత్తి చూశాడు. ఎనిమిది సెకన్లు. తొమ్మిది. పది.

"నేరుగా వస్తాను మేడమ్."